ఆరో గడి

ఆ ఫారంలో తండ్రి పేరుకి రెండు గీతలు,
పుట్టుమచ్చలకి కూడా రెండు.
'బాలిక అభిప్రాయం' అన్న ఆరో గడి మాత్రం
బొటనవేలు పెడితే మూసుకుపోతుంది.
పదకొండేళ్ళుగా అందులో నేను ఒకటే మాట రాస్తున్నా:
'సమ్మతమే.'

అమలాపురం. శుక్రవారం. శ్రావణం ఉక్క.
కాగితాలు ఎగరకుండా పైన ఒక కొబ్బరి చిప్ప.
లోపల అప్పటికే తేలిపోయింది:
తమ్ముడు రాజమండ్రి, అక్క కాకినాడ,
నెలకో ఆదివారం చూపులు.
బయట బల్ల మీద వీరవేణి
తమ్ముడి తెగిన చెప్పుకి పిన్నీసు పెడుతోంది.
నా ఉద్యోగానికీ ఆ పిల్లకీ ఒకటే వయసు.

పిలిచారు.
"ఏమ్మా, హాస్టల్లో ఉంటావుగా?"

మన భాషలో ఆ 'గా' ఉందే,
తలుపు తీసినట్టే తీసి
బయట్నుంచి గొళ్ళెం పెట్టేస్తుంది.
తింటావుగా. వెళ్తావుగా. నీకిష్టమేగా.
నా పిల్లల్ని నేనూ అలాగే అడిగాను.

"మీరు అడుగుతున్నారా అండీ, చెబుతున్నారా?"

ఎవరో దగ్గారు.
సువర్చలగారు లేచి, కుర్చీ లాక్కుని
బల్లకి ఈవల, పిల్ల పక్కన కూర్చున్నారు.
"అడుగుతున్నాం," అన్నారు.

"నాన్న మంచోడేనండి, సాయంత్రం దాకా.
చెరువు కాడ రొయ్యలకి మేతేస్తాడు.
చీకటి పడితే మమ్మల్నే గుర్తుపట్టడు.
అత్తోళ్ళింటికి వద్దండి."
ఎందుకని?
"చెప్పను."
ఛైర్మన్‌గారి కలం లేచింది.
సువర్చలగారు దాని మీద చెయ్యి వేశారు.
ఫ్యాను చప్పుడు అంతసేపు నేనెప్పుడూ వినలేదు.

"పోయినేడు రెండో హెచ్చరిక ఇచ్చినప్పుడు
లంకలో మా ఇంట్లో పెద్దోళ్ళు లేరండి.
ఈడి ఫిట్సు బిళ్ళల చీటీ, బియ్యం, రేషన్ కార్డు
నేనే మూట కట్టాను.
నీళ్ళు మూడో మెట్టెక్కితే కదుల్దామన్నాను.
మాచరమ్మ పిన్ని నా మాట మీదే పడవ ఇప్పింది.
అప్పుడెవరూ నన్ను చిన్నపిల్లవనలేదు.

ఇంకోటండి. అమ్మ మస్కట్టు నుంచి
శుక్రవారం రాత్రి ఫోన్ చేస్తాది,
ఆ ఇంటోళ్ళు పడుకున్నాక.
మమ్మల్ని చెరో ఊరూ పంపితే
ఏ నంబరుకి చెయ్యాలి?"

ఇరవై రెండు పేజీల ఫైలు.
తిరగేశాను కూడా.
ఆ ప్రశ్న ఎక్కడా లేదు.

"రేవులో పంటు టిక్కెట్లు చింపుతాది మాచరమ్మ పిన్ని.
మమ్మల్నిద్దర్నీ ఉండమంది.
నా మాట నమ్మక్కర్లేదండి, మీరే ఎళ్ళి చూడండి.
ఆళ్ళింట్లో రాత్రిపూట లైటు తియ్యరు.
ఈడికి నా చెవి పట్టుకుంటేనే నిద్రొస్తాది."

వెంటనే సరేననలేదు ఎవరూ.
రూల్సున్నాయి. ఇల్లు చూడాలి, పోలీసు రిపోర్టు రావాలి,
అందాకా ఇద్దరూ ఈ ఊళ్ళోనే,
ఒకే గదంటే కుదరదు, పక్కపక్క భవనాలు.
పిల్ల మొహం ముడుచుకుంది.
చెవి సంగతి ఎవరూ రాసుకోలేదని చూసింది కాబోలు.
నేను రాసుకున్నాను.

"ఎప్పుడు చూస్తారు?"
"బుధవారం."
"ఏ బుధవారం?"
తారీఖు చెప్పించుకుని, నా పెన్ను అడిగి,
తమ్ముడి అరచేతిలో రాసింది.
వాడు గుప్పిట మూసుకున్నాడు.

ఆరో గడి చాల్లేదు.
'జత చేయడమైనది' అని రాసి
ఒక తెల్లకాగితం గుండుసూదితో గుచ్చాను.
పద్ధతి ప్రకారం చదివి వినిపించాను:
"బాలిక తన తమ్మునితో కలిసి ఉండుటకు కోరుచున్నది…"

"కోరలేదండి," అంది. "చెప్పాను."

కోరుచున్నది కొట్టేశాను.
పైన 'ఉండవలెనని చెప్పినది' అని దిద్ది
పక్కన పొట్టి సంతకం పెట్టాను.
తనూ పెడతానంది.
పెట్టింది, నాలిక పంటి కింద బిగబట్టి.
'వీ' మీది గుడిదీర్ఘం
గడి దాటి బయటికి పోయింది.